అక్కయ్య ఆడిన ఇటుకల ఆట

మా తోడికోడలు పోయిందన్న కబురు ఫోనులో వచ్చింది. కంటి ఆపరేషను చేయించుకుని రాజమండ్రిలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. అమలాపురం నుంచి ఆవిడ కోడలు చేసింది.

"చిన్నత్తయ్యగారూ, అత్తయ్యగారు ఇక లేరండీ."

"లేకపోవడమేంటే, ఎక్కడికెళ్ళింది?" అన్నాను. ఆవిడ ఎక్కడికీ వెళ్ళే మనిషి కాదు మరి. అవతల ఏడుపు మొదలయ్యాక గానీ నాకు అర్థం కాలేదు. పొద్దున్న కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కాసేపు నడుం వాలుస్తానని పడుకుందట. అంతే.

ఆపరేషను వాళ్ళిచ్చిన నల్ల కళ్ళద్దాలతోనే వెళ్ళాను. ఏడుస్తున్నామో లేదో ఎవరికీ తెలియకుండా ఉండడానికి అంతకన్నా మంచి సదుపాయం లేదు. పదో రోజున బంధువులంతా చేరి ఆవిడ మంచితనం చెప్పుకున్నారు. ఆవిడ పనసపొట్టు కూర గురించి ఒకరు, ఆవిడ మడి గురించి ఒకరు. చివర్న ఆవిడ కొడుకు గొంతు సవరించుకున్నాడు. బ్యాంకు ఆఫీసరు, నలుగురిలో మాట్లాడడం అలవాటున్నవాడు.

"మా అమ్మ ఒట్టి అమాయకురాలండీ. వంటిల్లూ, దేవుడి గదీ తప్ప ఇంకో లోకం తెలీదు ఆవిడకి."

అందరూ తలలూపారు. నేను ఊపలేదు. డాక్టరు తల కదపొద్దన్నాడేమో అనుకుని ఉంటారు.

అందుకే ఇది రాస్తున్నాను. ఆవిడకి ఇంకో లోకం ఉండేది. అరచేతిలో పట్టేది.

తొంభైలలో తీర్థాల్లోనూ ఫ్యాన్సీ షాపుల్లోనూ ఒక చేతి ఆట అమ్మేవారు. సబ్బుపెట్టెకన్నా కాస్త పొడుగు, మధ్యలో బూడిదరంగు తెర. పైనుంచి ఇటుకలు అతికించినట్టున్న ముక్కలు ఒక్కొక్కటే జారుతూ వస్తాయి. ఒకటి నిలువుగా, ఒకటి చదరంగా, ఒకటి ఎటూ కాని వంకరగా. కింద పడేలోపు తిప్పి, సందు చూసి కూర్చోబెట్టాలి. అడ్డంగా ఒక వరుస ఖాళీ లేకుండా నిండితే ఆ వరుస మాయమవుతుంది. సందులు వదిలేసుకుంటూ పోతే గోడ పైకంటా పేరుకుని ఆట ముగుస్తుంది. పిల్లలు వీడియో గేమ్ అనేవారు. నేను అక్కయ్య అని పిలిచే మా తోడికోడలు "ఇటుకలు" అనేది.

బావగారు పోయిన ఏడాది అది ఆవిడ చేతికొచ్చింది. మా ఇళ్ళల్లో మొగుడు పోయిన మనిషి ఏడాదిపాటు గడప దాటదు. కాపురానికి వచ్చిన నాటి నుంచి కుదురుగా కూర్చుని ఎరగని మనిషిని పడమటి గదిలో చాప వేసి కూర్చోబెట్టి, దానికి విశ్రాంతి అని పేరు పెట్టారు. మనవడు మోజు తీరి పడేసిన ఆట ఆ గది కిటికీలో ఉంది. మిగతాది నేను చెప్పక్కర్లేదు.

మాది అదే ఇంట్లో పక్క వాటా. నేను అప్పటికి హైస్కూల్లో తెలుగు చెబుతున్నాను. ఓ సెలవు రోజు మజ్జిగ పట్టుకెళ్తే ఆవిడ చటుక్కున ఏదో పమిట కింద దాచింది.

"ఏంటక్కయ్యా అది?"

"జపమాల."

"జపమాల కుయ్యిమంటుందా?"

పకాలున నవ్వేసింది. బావగారు పోయాక ఆవిడ నవ్వడం అదే మొదలు. మర్నాటికల్లా ఆ కూత నోరు నొక్కే బొత్తం ఎక్కడుందో కనిపెట్టేసింది. నాలాంటి చదువుకున్నదానికైతే కాగితం మీద రాసిస్తే గానీ తెలిసేది కాదు.

ఆడేటప్పుడు చూడాలి ఆవిడని. గోడకి ఆనుకుని, కాళ్ళు బారజాపి, నాలుక కొస పళ్ళ మధ్య పట్టుకుని కూర్చునేది. వేళ్ళు మాత్రమే కదిలేవి. నేనూ ఓసారి అడిగి తీసుకుని ఆడాను. చూస్తుండగానే నా గోడ నెత్తి మీదకొచ్చేసింది.

"ముక్క రాగానే పడేస్తావేంటి చెల్లాయ్? దానికి చోటు చూశాక కదా వదలాలి" అంది. నన్ను అనేముందు ఎవరైనా కాస్త ఆలోచిస్తారు. ఇటుకల దగ్గర ఆవిడ ఆలోచించేది కాదు.

అందులో ఏముందక్కయ్యా అంత, అని అడిగాను. చాలా రోజులకి, దఫదఫాలుగా చెప్పింది. "తరవాత వచ్చే ముక్కేంటో పక్కన ముందే చూపిస్తుంది. మనకలా ఎవరు చూపించారు?" అంది ఒకసారి. "వంకర ముక్క వచ్చిందని ఏడవక్కర్లేదు, దానికీ ఎక్కడో చోటుంటుంది. లేకపోతే అది మనం ముందు చేసిన తప్పు. నాదే, ఇంకెవరిదీ కాదు" అంది ఇంకోసారి. అన్నిటికన్నా నాకు గుచ్చుకున్నది ఇది: "అంట్లు తోమితే మళ్ళీ అంట్లే. ఇక్కడ వరుస నిండితే మాయమైపోతుంది. అయిపోయిన పని అయిపోయినట్టు కళ్ళకి కనబడ్డం నేనిందులోనే చూశాను." గెలుపు లేని ఆట కదా అన్నాను. "తెలుసు. ఓడిపోవడమే, కాకపోతే నిదానంగా" అంది.

పడక్కుర్చీ తాత్త్వికులు చాలామందిని విన్నాను. చాప మీద కూర్చున్న ఈవిడకి ఎవరూ శాలువా కప్పలేదు.

ఏడాది తీరింది. ఆట తీరలేదు. దానికి సెల్లులు నేనే కొని తెచ్చేదాన్ని. ఒక ఎండాకాలం పదో తరగతి పేపర్లు దిద్దడానికి నన్ను కాకినాడ వేశారు. నేనక్కడ ఉండగా సెల్లులు అయిపోయాయి. ఆవిడ కొట్టుకి వెళ్ళదు. ఎవరినైనా తెమ్మంటే ఎందుకని అడుగుతారు. అంచేత ఎవరూ పెట్టని బావగారి ట్రాన్సిస్టరులోంచి ఒకటి, హాలు గోడ గడియారంలోంచి ఒకటి తీసుకుని, నీరసించిన సెల్లుని గడియారంలో పెట్టింది.

హాలు గడియారం అంటే మా ఇంట్లో మాటలు కాదు. దాని కింద పంచాంగం వేలాడేది. ఎవరు ఏ శుభానికి బయల్దేరినా ఆ రెండూ చూసుకునే గడప దాటాలి. చేతి గడియారాలు సైతం దాన్ని చూసే సరిచేసుకోవాలి. బావగారు పెట్టిన నియమం, ఆయన పోయినా అది పోలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే కొడుకూ కోడలూ మనవరాలి సంబంధం మాట్లాడడానికి ద్రాక్షారామం బయల్దేరారు. రాహుకాలం రాకముందే గడప దాటాలని హడావుడి. ముందుగా అక్కయ్యని దొడ్లోకి వెళ్ళమన్నారు. విధవరాలు ఎదురు రాకూడదు కదా, సొంత నాయనమ్మ అయినా సరే. ఆవిడ బుద్ధిగా వెళ్ళి కరివేపాకు చెట్టు దగ్గర నిలబడింది. ఆవిడ ఎదురు రాలేదు. గడియారం మాత్రం కుంటుకుంటూ వెనకబడింది. వీళ్ళు నిక్షేపంలాంటి రాహుకాలంలో గడప దాటారు.

అవతలి ఇంటి పెద్దాయన వాళ్ళ గడియారం చూసి, "ఇదేంటండీ, రాహుకాలంలో బయల్దేరి వచ్చారు?" అన్నాట్ట. సంబంధం కుదరలేదు. పిల్లవాడికి అంతకుముందే వేరేచోట మాటిచ్చేశారని వారం తిరక్కుండా మాకు తెలిసింది. రాహువు చెయ్యడానికి పనేం మిగల్చలేదు వాళ్ళు. కానీ ఆ సాయంత్రానికి ఆ సంగతి తెలీదు.

పేపర్లు పూర్తయి నేనూ ఆ సాయంత్రమే ఊళ్ళో దిగాను. వెళ్ళేసరికి గడియారం గోడ దిగి బల్ల మీద బోర్లా పడి ఉంది. కోడలు దుప్పట్ల మడతల్లోంచి ఆట తీసుకొచ్చి మొగుడి చేతికిచ్చింది.

"ఈ వయసులో ఇదేంటమ్మా? నాన్నగారు పోయి ఎన్నాళ్ళయిందని? నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారు?"

"నువ్వు చెబితేనే కదరా నలుగురికీ తెలిసేది" అన్నాను.

"మీరూరుకోండి పిన్నీ. మీరే నేర్పుంటారు."

"నేనే నేర్పితే నాకన్నా బాగా ఎలా ఆడుతుందిరా?"

అక్కయ్య ఏడవలేదు, బతిమాలలేదు, రాహుకాలం గురించి ఒక్క మాట అనలేదు. చెయ్యి చాపింది.

"మధ్యలో ఉందిరా నాన్నా. మీరొచ్చిన చప్పుడైతే ఆపాను. ఈ ఒక్క ఆటా అయిపోనీ. తరవాత నువ్వే తీసేసుకో."

వాడు వెనక మూత తీసి సెల్లులు ఊడబీకాడు. సగం కట్టిన గోడ తెర మీదనుంచి తుడిచినట్టు పోయింది. ఒక సెల్లు తీసి గడియారంలో పెట్టి, గోడకి తగిలించాడు. అది ఠంచనుగా నడిచింది. రాయవచ్చో లేదో తెలీదు గానీ, అక్కయ్య మొహం అలా అవడం బావగారు పోయిన రోజున కూడా నేను చూడలేదు.

ఆ రాత్రి నేను వాణ్ణి అన్నవి ఇక్కడ రాస్తే అచ్చు వేయరు. దానివల్ల ఒరిగిందేమీ లేదు. తరవాత రాజమండ్రి మెయిన్ రోడ్డులో వెతికి అలాంటిదే కొత్తది పట్టుకెళ్ళాను. ఆవిడ అట్టపెట్టె విప్పలేదు.

"వద్దు చెల్లాయ్. ఆడడానికి ఓపికుంది. ఎప్పుడు ఎవరొచ్చి తీసుకుంటారా అని చెవులు రిక్కించుకుని కూర్చోడానికి లేదు."

మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయింది. పనసపొట్టు కూర ఘనత అంతా ఆ తరవాతిదే.

రెండువేల సంవత్సరం దాటాక వాడింటికి కంప్యూటరు వచ్చింది. అందులో గళ్ళ పలకలాంటి ఒక ఆట ఉండేది. గడి నొక్కితే అంకె వస్తుంది. చుట్టూ ఎన్ని బాంబులున్నాయో ఆ అంకె చెబుతుంది. ఏ గడిలో ఉందో లెక్కకట్టి, దాన్ని తప్పించి మిగతావి తెరుచుకుంటూ పోవాలి. ఆదివారాలు వాడు దాని ముందునుంచి లేచేవాడు కాదు.

"బ్రెయినుకి ఎక్సర్‌సైజ్ పిన్నీ" అన్నాడు నాతో.

"మీ అమ్మకి బ్రెయిను లేదనా అప్పుడు లాక్కున్నావు?" అన్నాను. బాంబుల చప్పుడులో వినబడనట్టుంది.

అక్కయ్య వాడికి కాఫీ తెచ్చి, గ్లాసు పట్టుకుని కుర్చీ వెనకాల నిలబడేది. మొదట్లో ఓసారి వేలు పెట్టి చూపించి, "అది నొక్కకురా, అందులో ఉంది" అంది. "నీకర్థం కాదులే అమ్మా" అని వాడు అదే నొక్కాడు. పేలింది. కాఫీ అందుకున్నాడు.

ఆ తరవాత ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. నిలబడడం మాత్రం మానలేదు. ఒక మధ్యాహ్నం గుమ్మంలోంచి నేను చూశాను. వాడు ఏ గడి నొక్కాలా అని తటపటాయిస్తున్నాడు. తెర వెలుగు ఆవిడ మొహమ్మీద పడుతోంది. తెర మీది బాణం గుర్తు మెల్లగా ఒక గడి వైపు జరిగింది. వాడింకా నొక్కలేదు. వెనకాల ఆవిడ కళ్ళు మూసేసుకుంది.