పూలచెండు క్యాచ్

మన దేశం ప్రపంచకప్పు గెలిచిన మరుసటేడు ధర్మపురిలో నా పెళ్ళయింది. పెళ్ళికొడుకు పాలకోడు ఊరి క్రికెట్ జట్టులో వికెట్ కీపర్. పూలచెండ్లాటలో నేను కొంటెగా చెండును దూరంగా విసిరాను. ఆయన అమాంతం పక్కకు దూకి, ఒంటిచేత్తో దాన్ని పట్టి, దిష్టి తీయడానికి కలిపి ఉంచిన ఎర్రనీళ్ళ పళ్ళెం మీద పడ్డారు. పంచె నిండా ఎరుపు చూసి నెత్తురనుకున్నాను.

“అయ్యో, దెబ్బ యాడ తగిలె నాయనా?” అంటూ మా అవ్వ పరుగెత్తింది.

“చెండు కింద పడలేదవ్వా!” అని ఆయన దాన్ని పైకెత్తి చూపించారు.

అవ్వ నావైపు తిరిగి, “పట్టేసినాడు కదే, ఇంక నువ్వు అవుటే పో!” అంది. పందిరంతా ఒకటే నవ్వు.

ప్రపంచంలోకెల్లా గొప్ప కీపరెవరని మా పిల్లలు ఇప్పటికీ వాదించుకుంటారు. వాళ్ళు నన్నడగరు గానీ, కోపమొచ్చి నేను విసిరిన గిన్నె ఒక్కటీ ఇంతవరకు నేల తాకలేదు.