ముప్పై మూడో రోజు ఉపవాసం

“జెర నా పక్కన కూసోవే.”

“ప్రార్థనకు టైమైతుంది. వచ్చినంక కూసుంట, ఆగుండ్రి.”

నా భర్తా నేనూ ఆఖరుగా అనుకున్న మాటలు ఇవే. ఆయనకు కాలేయం చెడిపోయింది. రెండు నెలలకు మించి కష్టమని డాక్టరు చెప్పిన రోజే, నలభై రోజులు ఉపవాసముంటానని దేవుడికి మాటిచ్చాను. రోజూ పొద్దున్నే మంచం పక్కన గంజి పెట్టి, మెట్టుగూడ నుంచి మల్కాజ్‌గిరి మందిరానికి పోయి, సాయంత్రం దాకా మోకాళ్ల మీదే ఉండేదాన్ని.

“పెద్దాయన ఒక్కడే ఉంటడు గదమ్మా,” అంది పక్కింటామె.

“దేవుడున్నడు తోడు. నీకేందమ్మా పరేషాన్?” అని కసిరాను.

ముప్పై మూడో రోజు నేను ఇంటికి వచ్చేసరికి గంజి తొరక కట్టి ఉంది. ఆయన ఒళ్లు చల్లబడిపోయింది.

దేవుడిచ్చిన రోజులన్నీ, ఇంకొన్ని రోజులు ఇవ్వమని అడగడానికే ఖర్చుపెట్టాను. ప్రార్థన తప్పని అనను. ఆయన చెయ్యి పట్టుకుని కూడా చేయొచ్చని నాకు తోచలేదు.

మా సంఘంలో ఒకామె భర్త ఇప్పుడు మంచాన ఉన్నాడు. ఆమె నిన్న ఇదే ఉపవాసం మొదలుపెట్టింది. ఈ సాయంత్రమే ఆమెకు ఇది వినిపించాలి. నాకు రాయడం రాదు కాబట్టి మా అక్క కూతురు రాస్తోంది.

“బిడ్డా, రాసింది ఓసారి సదువు. నా తప్పు యాడనన్న చిన్నగ చేసి చెప్పిన్నేమో వింట.”