సన్యాసిరావు బాబాయి వినాల్సిన గోల్

మా చిన్నప్పుడు... భిలాయి సెక్టర్ 7లో గోల్ కొడితే అరవకూడదు.

నిజమే చెబుతున్నాను. సెలవులొస్తే మా క్వార్టర్ల వెనక మైదానంలో పిల్లలం పొద్దుణ్నుంచీ ఫుట్‌బాల్ ఆడేవాళ్లం. చుట్టూ ఇళ్లలో స్టీల్ ప్లాంట్‌లో రాత్రి డ్యూటీ చేసి వచ్చిన నాన్నలు, బాబాయిలు, సర్దార్జీ అంకుల్‌లు కిటికీలకి దుప్పట్లు కట్టుకుని పడుకునేవారు. అందుకని గోల్ పడితే నోరు మూసుకుని చేతులు మాత్రం ఊపేవాళ్లం. సెక్టర్‌కి కొత్తగా వచ్చిన పిల్లలకి మొదట నేర్పేది అదే...

ఎవరింట్లో ఎవరిది ఏ షిఫ్టో మాకు ఎక్కాలకంటే బాగా వచ్చు. మైదానం పక్క ఇళ్లలో ఎవరికీ రాత్రి డ్యూటీ పడని వారం ఒకటి ఎప్పుడో వచ్చేది. ఆ వారం మాకు పండగే. ఎంత అరిచినా అడిగేవాళ్లు ఉండరు.

అలాంటి వారమే అది... నాకు పదకొండేళ్లు. అంతమంది మగపిల్లల్లో నేనొక్కదాన్నే ఆడపిల్లని. అవతలికి పోయిన బంతి తెచ్చిచ్చే పని నాది. ఆ రోజు ఒకడు తక్కువయ్యాడని నన్నూ ఆడించారు. బంతి నా కాలికి ఎలా దొరికిందో, ఎలా తన్నానో ఇప్పటికీ తెలీదు. గోల్ కాస్తున్న బెంగాలీవాళ్ల బబ్లూ కాళ్ల మధ్య నుంచి దూసుకుని గోల్‌లోకి వెళ్లిపోయింది.

నేను అరిచాను... కడుపులోంచి వచ్చింది ఆ అరుపు. అది సగంలో ఉండగానే పక్కింటి సన్యాసిరావు బాబాయి వెనక తలుపు తీసుకుని బయటికొచ్చాడు. లుంగీ, బనీను, నిద్రలేని ఎర్రటి కళ్లు. ఆ వారం ఆయనది పగటి డ్యూటీ అని మా అందరికీ తెలుసు. ఎవరింట్లోనో పెళ్లి ఉందని వాళ్లతో డ్యూటీ మార్చుకుని ముందురాత్రి వెళ్లాడని మాత్రం తెలీదు.

"ఆడగుంటవి, ఆ కేకలేటే? మనిసి పడుకోవాలా, అక్కర్నేదా?" అన్నాడు.

బంతి చంకన పెట్టుకుని లోపలికి వెళ్లాడు. వంటింట్లోంచి కత్తిపీట ఈడ్చుకొచ్చి, వరండాలో కూర్చుని, వంకాయ తరిగినంత తీరిగ్గా దాన్ని రెండు చెక్కలు చేశాడు. మా నాన్నగారు సుపేలా బజార్లో కొని తెచ్చిన బంతి అది. నెల కూడా కాలేదు.

అమ్మ పరుగున వచ్చింది. ఆయన్ని ఒక్క మాట అనలేదు. నన్నే చెయ్యి పట్టి ఆయన ముందు నిలబెట్టింది. "బాబాయి రాత్రంతా కొలిమి కాడ నిలబడి వచ్చేడు. తప్పయిపోనాదని చెప్పు" అంది.

చెప్పాను. మగపిల్లలందరూ చూస్తుండగా చెప్పాను. ఆ తర్వాత నన్ను ఆటలోకి ఎవరూ పిలవలేదు... నేనూ వెళ్లలేదు. నా జన్మకి అదొక్కటే గోల్. దాని అరుపు ఇంకా సగం నా గొంతులోనే ఉంది.

సరే, ఇప్పుడు అసలు విషయం. వచ్చే శనివారం సాయంత్రం నాలుగింటికి మన దేశం అమ్మాయిల జట్టు ఫ్రెండ్లీ మ్యాచ్ ఆడుతోంది. పోయినసారి ఈ ఎదుటి జట్టు చేతిలోనే చివరి నిమిషంలో ఓడిపోయాం. ఆ పూట నాకు అన్నం సయించలేదు. ఈసారి ఎడమవైపు పరుగెత్తే మన పిల్ల మంచి ఊపు మీద ఉంది. వెనక కాపు కాసేవాళ్లే కాస్త భయపెడుతున్నారు... ఫ్రెండ్లీ అని వాళ్లు పేరు పెట్టుకున్నారు గానీ, నాకైతే కాదు.

ఎందుకంటే రిటైరయ్యాక సన్యాసిరావు బాబాయి కట్టుకున్న ఇల్లు ఇక్కడే, భిలాయి వైశాలి నగర్‌లో మా వీధి చివరే ఉంది. ఈ మ్యాచ్ ఆయన పక్కన కూర్చునే చూడాలి, గోల్ పడగానే ఆయన చెవి దగ్గరే అరవాలి అని నిర్ణయించుకున్నాను. "ముసలాయన, వదిలెయ్యవే" అంటున్నారు మా ఆయన. ఈయన బంతిని ఎవరూ తరగలేదు మరి, ఎన్నైనా చెబుతారు.

మొన్న ఆ ఇంటికి వెళ్లాను. బాబాయి టీవీ ముందు కూర్చుని ఉన్నాడు. శనివారం మ్యాచ్ చూడ్డానికి వస్తానని చెప్పాను. నావైపు చూసి నవ్వాడు.

"ఏటమ్మా... గట్టిగా సెప్పు. నాకు ఇనబడదు" అన్నాడు.

గట్టిగా చెప్పాను. ఇంకా గట్టిగా చెప్పాను. మళ్లీ అదే నవ్వు.

ఎంత ఒళ్లు మండిందో చెప్పలేను. ఇన్నేళ్లు దాచుకున్న అరుపు... తీరా వినాల్సిన మనిషికి చెవులు పోయాయి. జాలి వేయాలి కదా? వేయలేదు. నన్ను రెండోసారి మోసం చేసినట్టు అనిపించింది.

ఆయన కోడలు పద్మ టీ తెచ్చింది. "చెవి మిషన్ ఉంది దీదీ. బ్యాటరీ అయిపోయి ఆరు నెలలైంది. కొత్తవి వేయిద్దామంటే, నాతో మాట్లాడేవాళ్లెవరు, బేకార్ ఖర్చు అంటారు మామయ్యగారు" అంది.

టీ సగంలో వదిలేసి ఆటో ఎక్కి సుపేలా వెళ్లాను. బ్యాటరీలు తెచ్చి పద్మ చేతిలో పెట్టాను. ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. "మామయ్యగారితో కూర్చుని టీవీ చూడ్డానికి ఒకరు వస్తున్నారు... బహుత్ అచ్ఛా లగా దీదీ, ఎంత సంతోషంగా ఉందో" అంది. శనివారం ఆయన చెవికి ఏ కుర్చీ దగ్గరో చూసుకుని ఇంటికొచ్చాను.

నిన్న పనుండి సెక్టర్ 7 వైపు వెళ్లాను. మిట్టమధ్యాహ్నం. మా మైదానంలో గడ్డి మోకాలి దాకా పెరిగింది. చాలా క్వార్టర్లకి తాళాలు. ఇప్పుడక్కడ ఎంత అరిచినా కోప్పడేవాళ్లు లేరు... అరిచే పిల్లలూ లేరు.

శనివారం నాలుగింటికి పది నిమిషాల ముందు బాబాయి చెవికి ఆ మిషన్ నా చేత్తో పెడతాను. మీ నోరు నొక్కిన పెద్దమనిషి కూడా ఎవరో ఒకరు ఉండే ఉంటారు... ఏ ఊళ్లో, ఏ ఆటలో, ఎవరో కింద రాయండి. మన అమ్మాయిలు ఒక్క గోల్ కొడితే చాలు, మీ అందరి తరఫునా అరుస్తాను.