తిరగలి, రెండు కీర దోసకాయలు

వర్క్‌షాప్‌లో మా ఆవిడను అందరూ ‘తిరగలి’ అంటారు. మొదట ఆమె నోటిని చూసి పెట్టిన పేరు అది. పట్టుబట్టి ఓనరు గారి చేత, కంప్యూటర్ చెప్పినట్టు చెక్కే సీఎన్‌సీ మెషిన్‌కి రోటరీ కొనిపించాక, పనికీ అతికిపోయింది. నేనూ అక్కడే, అందరూ చేసినవి కొలిచి చూసే బల్ల దగ్గర నిలబడి ఉంటాను. ఇంట్లో చెల్లని నా మాట అక్కడ చెల్లుతుంది.

రోటరీ అంటే ఏమిటో నాకు వంటింట్లో గరిటెతో చెప్పింది.

“ఇన్నాళ్లూ మెషిన్‌కి కుడీ ఎడమా, ముందూ వెనకా, పైకీ కిందికీ, అంతే తెలుసు. ఇప్పుడు ఉన్నచోటే ఇలా తిరుగుతుంది. గరిటె కాడే ఇరుసనుకోండి. దాని చుట్టూ ఎంత తిరగాలో డిగ్రీల్లో చెప్తాం.”

అర్థమైంది. గరిటె తిరిగినప్పుడు చొక్కా మీద పడ్డ పులుసు మరక మాత్రం పోలేదు.

రోటరీ వచ్చిన చెక్కపెట్టెను ఓనరు గారు పారేయలేదు. “చూడు తల్లీ, మొదటి పని చెడిందా, ఇది ఇదే పెట్టెలో వెనక్కి పోతుంది. నువ్వు మళ్లీ పాత డ్రిల్లింగ్ మెషిన్‌కే” అన్నారు. ఆ మొదటి పని ఒక ఉక్కు రాడ్. దాని మీద తీగలా చుట్టుకుంటూ, ఒక చుట్టు దాటి కాస్త ముందుకు పోయే గాడి చెక్కాలి. పని ఇచ్చిన పార్టీ పంపింది ఒక్కటే రాడ్.

ఆమె రాడ్ పెట్టలేదు. ముందు పరీక్షకని, నేను సర్దిచ్చిన అన్నం డబ్బాలోంచి కీర దోసకాయ తీసి రోటరీ చక్ పట్టులో బిగించింది. గాడి ముచ్చటగా పడుతూ వచ్చింది. చుట్టు పూర్తవగానే రోటరీ ఒక్కసారిగా వెనక్కి గిర్రున తిరిగింది. చెక్కే టూల్ ఇంకా గాడిలోనే ఉంది. దోసకాయ తునాతునకలై, ఒక ముక్క ఓనరు గారి కళ్లజోడుకి అతుక్కుంది. నవ్విందల్లా నేనొక్కణ్ణే.

“ఇదే రాడ్ అయ్యుంటే?” అంటూ ఆయన పెట్టె వైపు చూశారు.

మా ఆవిడ ముఖం పాలిపోయింది. ఆమె కాసేపు స్క్రీన్ చూసి, మెషిన్‌ని తట్టింది.

“తప్పు నాదేలేవే. చుట్టు దాటి ఇంకో పది డిగ్రీలు పొమ్మనాల్సింది, వట్టి ‘పది’ అన్నాను. అది బుద్ధిగా పదిని వెతుక్కుంటూ వెనక్కి పోయింది. చుట్టుకి మూడొందల అరవై, ఆ పదీ కలిపి మూడొందల డెబ్భై అనాలి.” నా వైపు తిరిగింది. “ఏవండీ, మీ డబ్బాలో కీర ఉందా?”

నాదీ ఇచ్చేశాను. అది చెక్కుచెదరలేదు.

తర్వాత రాడ్ చెక్కి, తానే తెచ్చి నా బల్ల మీద పెట్టి అటు తిరిగి నిలబడింది. పెళ్లామని పాస్ చేశాడంటారేమోనని ఎన్నడూ లేనంత కచ్చితంగా కొలిచాను. ఎక్కడా తేడా లేదు. ఏడుపొచ్చేసి తలూపాను. అటు తిరిగున్న మనిషికి తలూపితే ఏం తెలుస్తుంది! ఓనరు గారే “పాస్!” అని అరిచారు.

“ఇక ఆ పెట్టె విరగ్గొట్టి పారేయండి” అన్నారు నవ్వుతూ.

“వద్దు సార్” అంది మా ఆవిడ. “ఆయన బల్ల దగ్గర వేయించండి, కూర్చుంటారు. పొద్దస్తమానం నిలబడే కొలుస్తారు. నిద్రలో కాళ్ల నొప్పులని మూలుగుతుంటే వినలేకపోతున్నా.”

నిద్రలో మూలుగుతానని నాకు ఆ రోజే తెలిసింది.