మొంబాసా ఆంటీ కొబ్బరి పీట

మొన్న స్టాన్‌మోర్‌లో స్నేహితురాలి కూతురి పెళ్ళికి పారాణి కలిపే పని నాకు అప్పగించారు. పళ్ళెంలో పసుపూ సున్నమూ వేసి నీళ్ళు పోసేసరికి ఎర్రగా తిరిగింది. రంగు భలే వచ్చిందని అందరూ మెచ్చుకుంటుంటే నాకు మాత్రం తల తీసేసినట్టయింది. మా పక్కింటి మొంబాసా ఆంటీ గుర్తొచ్చారు.

2001లో మేం ఈ వీధికి కొత్త. ఆంటీ దగ్గర కొబ్బరి కోరే మడత పీట ఒకటుండేది. కూర్చోవడానికి చెక్క, ముందుకి చాచిన పళ్ళ ఇనుము. వాళ్ళ స్వాహిలీలో దాని పేరుకి మేక అని అర్థమట. చెక్క నిండా పూలతీగలు, వాళ్ళమ్మ పెళ్ళికని వాళ్ళ తాతగారు చెక్కినవి. ఆ గాడుల్లో తెల్లటి సున్నం. మా వ్రతానికి కొబ్బరి లౌజు చేయాలి, పీట ఇస్తారా అని అడిగితే, తన పాన్ డబ్బాలోంచి సున్నం తీసి పూలన్నిటికీ కొత్తగా అద్ది మరీ, శాకాహారుల ఇంటికి మేకని పంపిస్తున్నానని నవ్వుతూ ఇచ్చారు.

నాకేమో లోపల ఒకటే పీకులాట. ఈ పీట మీద ఎన్ని చేపల కూరలకి కొబ్బరి కోరారో! తప్పు నెట్టేయడానికి అత్తగారు కూడా ఇంట్లో లేరు, ఆ బుద్ధి పూర్తిగా నాదే. పీటని బాత్‌టబ్‌లో పెట్టి బకెట్‌డు పసుపునీళ్ళు గుమ్మరించాను. చూస్తుండగానే తెల్ల పూలన్నీ ఎర్రబడ్డాయి. ఊహ తెలిసినప్పటి నుంచీ పారాణి చూస్తున్నదాన్ని, ఆ మాత్రం తట్టలేదు! బ్రష్ పెట్టి తోమితే ఎరుపు ఇంకా లోపలికి దిగింది. మా ఆయన వచ్చి చూసి, “ఏం చేశావే దాన్ని? ఆవిడకేం చెప్తావిప్పుడు?” అన్నారు.

వ్రతం మర్నాడు పీట పట్టుకెళ్ళాను. ఆంటీ పూల మీద వేలు పెట్టి, ఇదేంటమ్మా ఇలా అయింది అని ఇంగ్లీషులో అడిగారు. “మావాళ్ళు శుభానికి పసుపు పూస్తారు ఆంటీ. మీ అమ్మగారి గుర్తు కదా అని...” అనేశాను. ఛీ, ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట! ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నన్ను దగ్గరికి తీసుకున్నారు.

ఆ తర్వాత ఏడేళ్ళూ ఆ పూలకి సున్నం అద్దలేదు. వచ్చినవాళ్ళందరికీ, మా తెలుగుపిల్ల మా అమ్మకి చేసిన పూజ ఇది అని చూపించేవారు. నేను టీ కప్పులో మొహం దాచుకునేదాన్ని. 2008లో మొంబాసాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ, పీటని శాలువాలో చుట్టుకుని, “ఇది ఇప్పుడు నీ గుర్తు కూడా” అన్నారు. చెప్పేద్దామని నోరు తెరిచాను. “జాగ్రత్తగా వెళ్ళండి ఆంటీ” అన్నాను.

పసుపు ఎండకి నిలవదు. అక్కడి సముద్రపు ఎండకి ఆ పూల ఎరుపు ఈపాటికి వెలిసిపోయే ఉంటుంది. ఇన్నేళ్ళు గడిచినా నా అబద్ధమే ఇసుమంతైనా వెలవలేదు.