అమ్మమ్మ భాషలో నా ముక్క

నా చిన్నప్పుడు, బస్తర్ ఇంకా రాజుగారి ఏలుబడిలో ఉన్న రోజుల్లో, మా అమ్మమ్మ సొంతంగా ఒక భాష కట్టింది. మద్దేడు దాపున ఉన్న మా ఊళ్లో తెలుగు, గోండి, దోర్లి, హల్బీ భాషలన్నీ నడిచేవి. అవి చాలవా అంటే, "అవన్నీ అడివికి తెలుసు పిల్లా. మన మనుషుల లెక్క దాని చెవిన పడొద్దు" అనేది. ఇప్పపువ్వు ఏరడానికి పోతే ఆ భాషలోనే మాట్లాడాలి.

అందులో లెక్కతోనే పెద్ద పేచీ. తెలుగులో మేకలైతే నాలుగు, మనుషులైతే నలుగురు అంటాం కదా, అమ్మమ్మ అంతటితో ఊరుకోలేదు. నాలుగు గంపలకైతే 'తిలోరేమ' అని ఒక్కరే అనొచ్చు. నలుగురు మనుషులకైతే ఆ మాటలో ఎవరి ముక్క వాళ్లే పలకాలి. అమ్మమ్మ 'తి', పెద్దమ్మ 'లో', నేను 'రే', పక్కింటి అక్క 'మ'. ఒకరిది ఇంకొకరు అనకూడదు, ఒకరు పలక్కపోతే వాళ్లను దాటి ముందుకూ పోకూడదు. చెట్ల కింద తలో దిక్కున ఏరుకుంటూ మాటిమాటికీ ఇదే లెక్క. నాకు విసుగొచ్చేది. ఏందీ పిచ్చి అనుకునేదాన్ని.

ఒకనాడు తెల్లవారుజామున పువ్వు ఏరుకుంటూ ఏరుకుంటూ ఒక పెద్ద పుట్ట అవతలికి పోయాను. తలెత్తి చూస్తే ఎదురుగా గుడ్డేలుగు. ఇప్పపువ్వంటే దానికి ప్రాణం. ముట్టె నేలకానించి, గురగురమంటూ రాలిన పువ్వు పీల్చుకుంటోంది. నన్నింకా పసిగట్టలేదు.

సరిగ్గా అప్పుడే పుట్ట అటుపక్క నుంచి అమ్మమ్మ 'తి' అంది. పెద్దమ్మ 'లో' అంది. ఇక నా వంతు. నోరు తెరిస్తే ఎలుగు మీద పడుతుంది. తెరవకపోతే నన్ను వదిలేసి పోతారేమో. అక్క 'మ' అనేస్తే నా పని అయిపోయినట్టేనని చెవులు రిక్కించుకుని నిలబడ్డాను. అక్క అనలేదు.

మళ్లీ 'తి' వినబడింది, ఈసారి కాస్త దగ్గరగా. మళ్లీ 'లో'. మళ్లీ నా చోట ఖాళీ. ఎలుగు తలెత్తి నా వైపే చూసింది. అంతలో ముగ్గురూ ఒక్కచోట చేరినట్టున్నారు, కర్రలతో చెట్ల మొదళ్లు బాదుకుంటూ, అరుచుకుంటూ వచ్చారు. ఎలుగు ఒక్కసారి బుసకొట్టి పొదల్లోకి పోయింది. నేను 'రే' అన్నాను. వెంటనే అక్క 'మ' అని, నన్ను పట్టుకుని ఏడ్చేసింది.

అమ్మమ్మ తిట్టలేదు. చెదిరిన పువ్వును నా గంపలోకి ఎత్తుతూ, "నువ్వు లేకుండా మేం ఇంటికి పోతే మమ్మల్ని ఏమని లెక్కపెట్టాలి? ముగ్గురికి మాట నేను పెట్టలేదు, పెట్టను కూడా" అంది.

వాళ్లు ముగ్గురూ పోయి చాలా కాలమైంది. ఆ భాష తెలిసినదాన్ని ఇక నేనే. ఇప్పటికీ పువ్వు రాలే రోజుల్లో చెట్టు కిందికి పోతే, అమ్మమ్మ ముక్క పట్టేంత సేపు ఆగుతాను, పెద్దమ్మ ముక్క పట్టేంత సేపు ఆగుతాను, అప్పుడు నా 'రే' అంటాను. అక్క కోసం ఇంకాస్త ఆగి, గంప ఎత్తుకుని ఇంటికొస్తాను.