మౌలాలి గుమ్మం ముందు రాయి

మొన్న కడపలో ఒక సభకు వెళ్లాను. కళాకారుడు కళను అమ్ముకోకూడదని ముగ్గురు వక్తలు గంటన్నర చెప్పారు. ముగ్గురికీ పెన్షన్ వస్తుంది. నాకూ వస్తుంది కాబట్టి నోరు మూసుకున్నాను. భోజనాల దగ్గర మాత్రం, చేతిపని మీద బతుకుతున్న కళాకారుడు మీలో ఎవరికైనా తెలుసా అని అడిగాను. అందరూ సాంబారు కోసం వెతుక్కున్నారు. నాకు ఒకడు తెలుసు. ముప్పై ఏళ్ల కిందట అతన్ని అవమానించిందీ నేనే.

మర్నాడు ఆరింటికి కడపలో బస్సెక్కాను. మైదుకూరు, ఆళ్లగడ్డ మీదుగా నంద్యాలకు మూడున్నర గంటలు, టికెట్టు రెండొందల పైచిలుకు. బస్టాండు బయట నలభై రూపాయలకు ఉగ్గాని, బజ్జీ తిన్నాను. అతనుండే బేతంచెర్లకు అక్కణ్ణుంచి రైలు చవక, కానీ అది వెళ్లిపోయింది. మళ్లీ బస్సే, ఇంకో గంటకు పైగా. దిగి, చేత్తో అక్షరాలు చెక్కే మౌలాలి షెడ్డుకు పోవాలని అడిగితే, మిషన్లొచ్చినా ఇంకా చేత్తోనా అని ఆటో అతను నవ్వి, యాభై తీసుకున్నాడు.

మౌలాలీ నేనూ కర్నూలులో ఒకే మాస్టరు దగ్గర డ్రాయింగు నేర్చుకున్నాం. నేను పత్రికల్లో చిత్రకళ మీద రాసేవాణ్ణయ్యాను. అతను నాపరాయి మీద అక్షరమాల చెక్కి ఒక ప్రదర్శనకు పంపాడు. న్యాయనిర్ణేతను నేను. అది బోర్డుల పని, కళ కాదని బయట పెట్టించాను. చాలక పత్రికలోనూ రాశాను.

"రాప్పా. చూసి కాలు పెట్టు, అది నువ్వు బయట పెట్టించిన రాయే" అన్నాడు నన్ను చూడగానే. గుమ్మం ముందు అదే బండ. "చెక్కిన రాయి గదా, వానలో గూడా కాలు జారదు. శానా పనికొచ్చింది."

టీ తాగుతూ చెప్పాడు. పక్క షెడ్డులో మిషను వచ్చాక కొత్త శిలాఫలకాలన్నీ దానికే. గోడకు బిగించిన రాయి దగ్గరికి మాత్రం మిషను పోలేదు. పేరు తప్పు పడినా, కొత్త పేరు చేర్చాలన్నా ఉలి పట్టుకుని ఊళ్లు తిరిగేది ఇతనే. ఇప్పుడా మిషను యజమానికి గుమ్మం రాయి కావాలట. మిషనుతో చెక్కించడానికి ఫొటో తీసి ఆ అక్షరాలు కంప్యూటరులోకి ఎక్కించుకుని, మౌలాలికి నెల జీతం మీద పని ఇస్తాడట. సాయంత్రం నాలుగింటికి జవాబు చెప్పాలి.

"నువ్వే చెప్పు. కళ కాదంటివి. కానప్పుడు ఇచ్చేస్తే నాకేం పోతాది?"

చదివిన పుస్తకాలేవీ సాయానికి రాలేదు. ఆ రోజు నాది అసూయ అని చెప్పాను. మాస్టరు అతని అక్షరాన్ని మెచ్చుకునేవాడు, నా గీతను ఒక్కనాడూ మెచ్చుకోలేదు. ఇవ్వొద్దు, అది నీ చెయ్యి అన్నాను.

"నాకు చెప్తే ఏం లాభం? అప్పుడు పత్రికలో రాసినావు. ఇప్పుడు గూడా రాయి."

నాలుగింటికి యజమాని వచ్చాడు. మౌలాలి ఇవ్వనన్నాడు.

"ముసలోడివయితివి, ఇంకా ఎన్నాళ్లు చెక్కుతావప్పా?"

"నీ మిషను తప్పులు చేసినన్నాళ్లు."

తిరుగు బస్సులో నాకు కుదురు లేదు. కడప వక్తలు చెప్పిందే నేనూ చెప్పాను, పెన్షన్ తీసుకుంటూ. జీతం వదులుకున్నది మాత్రం అతను. నేను ఇవ్వగలిగింది ఈ మూడు వాక్యాలే. ఆ రోజు నేను రాసింది తప్పు. అది కళే. నాకు తెలిసే రాశాను.

మీరు వెళ్తే పదింటిలోపు వెళ్లండి. ఆ తర్వాత ఎండా, రాతిదుమ్మూ తట్టుకోలేరు. షెడ్డులోకి అడుగు పెట్టేముందు ఒక్క నిమిషం ఆగి, కింద ఉన్నది చదవండి.